ఒకటి మిగిలిందిరా!

ఆ మంచం కూలిపోతుంది. కూలుతుందా కూలదా అన్నది కాదు నా సందేహం. ఏ వైపుకి కూలుతుంది, అప్పటికి మా పాప దాన్లో ఏ మూల ఉంటుంది అన్నదే.

ఈ భయం నాకు ఊరికే రాలేదు. మంచం బిగించిన మనిషి పని ముగించి, చేతులు దులుపుకుని, గుమ్మం దాటబోతూ వెనక్కి వచ్చి నా అరచేతిలో ఒక స్క్రూ పెట్టింది.

"ఒకటి మిగిలిందిరా!" అంది. నవ్వుతూ బస్సు ఎక్కడానికి వెళ్లిపోయింది.

ఆవిడ మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ. ఆవిడ గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ వస్తువు చేసినా ఒకటి మిగులుతుంది. కుర్చీ బాగుచేస్తే ఒక మేకు. సంచి కుడితే ఒక బొత్తాం. దండ గుచ్చితే ఒక పూస. అందుకే చుట్టాలందరికీ ఆవిడ 'మిగులు పెద్దమ్మ'. వరసకి ఆవిడ ఎవరికి మరదలో, ఎవరికి అమ్మమ్మో, వాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైంది. చేతులు మాత్రం రిటైర్ కాలేదు. వాళ్లింట్లో ఏ వస్తువూ పుట్టినప్పటి పని చెయ్యదు. తలుపు బల్ల అయింది. బల్ల కాళ్లు దీపస్తంభాలయ్యాయి. పెదనాన్నగారి పాత ప్యాంట్లు ఏడు జేబుల ఏప్రాన్ అయి ఆవిడ మెడలో వేలాడుతున్నాయి. కూర్చోమంటే ఎక్కడ కూర్చోవాలో తెలీదు. ఒకసారి నేను స్టూలు అనుకుని దేని మీదో కూర్చున్నాను.

"లేరా, లే! అది లాంతరు!" అని అరిచింది.

"లాంతరా? నాలుగు కాళ్లున్నాయి కదా పెద్దమ్మా!"

"ఉంటే? నీకు రెండున్నాయి, నువ్వు కొంగవా?"

వంటగది పక్కనున్న చిన్న గది ఆవిడ కార్ఖానా. గోడ పొడుగునా అరలు, అరల నిండా గాజు సీసాలు, ప్రతి సీసాకీ ఆవిడ చేతిరాతతో ఒక చీటీ. 'పొడుగువి'. 'పొట్టివి'. 'వంకరవి'. 'దేనివో'. ఒక్క సీసా మాత్రం గోడవైపు తిరిగి ఉండేది. చీటీ కనిపించేది కాదు. తప్పు చేస్తే మూల నిలబెట్టిన పిల్లాడిలా ఉందనుకునేవాణ్ణి తప్ప పట్టించుకోలేదు.

మా పెళ్లికి ఆవిడ మా ఆవిడకి చెక్కపూసల దండ ఇచ్చింది. ఒక్కో పూసా ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసింది. మెడలో వేసి, గడ్డం పట్టుకుని ముద్దుచేసి, గుప్పిట విప్పింది.

"ఒకటి మిగిలిందే అమ్మాయ్!"

మా ఆవిడ పెళ్లి ఫొటోలన్నిట్లో తలొంచుకుని ఉంటుంది. చూసినవాళ్లు సిగ్గనుకుంటారు. పూసలు లెక్కపెట్టుకుంటోంది, ముడులు లాగి చూసుకుంటోంది.

మా పక్కింటి టీచరమ్మకి చేతిసంచి కుట్టి పెడితే ఒక బొత్తాం మిగిలింది. టీచరమ్మ సంచిని లోపలికీ బయటికీ తిరగేసి కుట్టుకుట్టూ వెతికింది. మా నాన్న గోడగడియారం బాగుచేస్తే ఏకంగా ఒక పళ్లచక్రం మిగిలింది. గడియారం మాత్రం నిక్షేపంగా తిరిగింది. అదే మా నాన్నకి నచ్చలేదు.

"ఆ చక్రం లేకుండా అదెలా తిరుగుతోంది వదినా?"

"తిరుగుతోందిగా. ఇంకేం కావాలి?"

"తిరక్కపోతే నిద్రపట్టేది. తిరుగుతుంటేనే భయంగా ఉంది."

అప్పట్నుంచి ఆయన టైము మమ్మల్ని అడుగుతారు. మేం ఆ గడియారమే చూసి చెప్తాం.

నేను చదివింది భౌతికశాస్త్రం. బరువులెత్తే కొక్కేలు ఎంత బరువుకి విరుగుతాయో చూసే ల్యాబులో ఉద్యోగం. అంటే పగలంతా వస్తువులు విరగడం చూసి, ఇంటికొచ్చి విరగని వస్తువుల్ని అనుమానంగా చూస్తాను. పెద్దమ్మ నన్ను 'సైన్సూ' అని పిలుస్తుంది. పదార్థం కొత్తగా పుట్టదు, నాశనం కాదు అని మాకు చెప్పారు. పెద్దమ్మ ఇంట్లో మిగులుతుందని ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఒక నోటు పుస్తకంలో మిగిలినవన్నీ రాసి పెట్టాను. మా మేనత్త కొడుకు బావకి చేసిన పుస్తకాల బీరువాతో కలిపి పదకొండు వస్తువులు, పదకొండు మిగుళ్లు. ఒక్క వస్తువూ విరగలేదు, ఊడలేదు. సిద్ధాంతం ఒక్కటీ కుదరలేదు.

అలాంటి ఆవిడకి మంచం పని ఎందుకిచ్చానంటే, నేనివ్వలేదు. పాప పాకడం నేర్చింది, దాని వెంటనే పట్టుకుని నిలబడడం నేర్చింది, ఒకరోజు మా మంచం మీంచి కిందికే దొర్లింది. నేను ముందుజాగ్రత్తగా పేర్చిన దిళ్ల మీద పడి కిలకిలా నవ్వింది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడ ఫోన్ తీసి, "పెద్దత్తయ్యా, పాపకి కటకటాల మంచం కావాలి, త్వరగా. పాప కోసం కాదు, మీ సైన్సు కోసం" అని చెప్పేసింది.

మూడు వారాలు నేను ఆ గదికి తిరిగాను. పాత భోజనాల బల్ల కోసి చట్టాలు చేసింది. ఊచల మధ్య సందు ఎంతుండాలో నేను స్కేలు పట్టుకుని చెబితే, "నాకు తెలీదనుకున్నావా? ముగ్గుర్ని పెంచాను, ఒక్కడి తలా ఇరుక్కోలేదు" అంది. చెక్కని రుద్దాక పాత నైలాన్ మేజోడు చేతికి తొడుక్కుని పొడుగునా నిమిరేది. ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ కంటికి కనపడని పేడు ఉన్నట్టు. మళ్లీ ఉప్పుకాగితం.

"వార్నిష్‌లో సీసం ఉందేమో పెద్దమ్మా?"

"డబ్బా మీద చదువుకో. అక్షరాలొచ్చుగా?"

"చదివాను. లేదనే రాశారు. కానీ పాప పైకర్ర కొరుకుతుంది కదా..."

"కొరుకుతుంది కాబట్టే దానికి వార్నిష్ వెయ్యలేదు. ఉత్త తేనెమైనం. ఇంకేమైనా ఉందా, లేక మంచం కింద భూమి గట్టిగా ఉందో లేదో కూడా నేనే చూడాలా?"

చివరికి విడివిడి ముక్కలుగా మా ఇంటికి తెచ్చి, నా కళ్లముందే బిగించింది. ప్రతి స్క్రూనీ ఒంటిసబ్బు బిళ్ల మీద ఒకసారి గీసి మరీ తిప్పింది. అలా చేస్తే చెక్క చీలకుండా సాఫీగా దిగుతుందట. గది అంతా స్నానాలగది వాసన. అరగంటలో మంచం లేచి నిలబడింది. నేను మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆ స్క్రూ నా చేతిలో పడింది.

"మీరేగా పక్కనే కూర్చుని చూశారు?" అంది మా ఆవిడ.

"చూశాను. లెక్కపెట్టలేదు."

"లెక్కపెట్టండి అయితే. నేను పాపని పడుకోబెట్టాలి."

"దాన్లోనా? వద్దు!"

మొదట ఆ స్క్రూని పాపకి అందకుండా ఒక డబ్బాలో, ఆ డబ్బాని ఇంకో డబ్బాలో, దాన్ని బీరువా మీదా పెట్టాను. తర్వాత మంచం చుట్టూ పాకాను. ముప్ఫయ్యారు చిల్లులు. ముప్ఫయ్యారు స్క్రూలు. ఖాళీ చిల్లు లేదు. మళ్లీ లెక్కపెట్టాను, ముప్ఫయ్యారే. మా ఆవిడ లెక్కపెట్టింది, ముప్ఫయ్యారే. పాప లెక్కపెట్టలేదు కానీ నా జుట్టు పట్టుకుని లాగి తన అభిప్రాయం చెప్పింది.

ఖాళీ లేనప్పుడు మిగలడమేమిటి? చిల్లు పెట్టడమే మర్చిపోయిందా? అయితే ఎక్కడ? విప్పి చూడక తప్పలేదు. ల్యాబుకి సెలవు పెట్టాను. ఒక్కో స్క్రూ తీసి, కీలు చూసి, మళ్లీ బిగించాను. మొదటిది బిగించేసరికి వేలు చితికింది. పదోది వచ్చేసరికి మూలమట్టం పెట్టి చూడకుండానే స్క్రూ నిటారుగా దిగుతోందో లేదో చేతికి తెలియడం మొదలైంది. ఇరవయ్యోదానికి నేను కూడా సబ్బు మీద గీశాను, ఎవరూ చెప్పకుండానే. రెండో రోజు సాయంత్రానికి ముప్ఫయ్యారూ అయ్యాయి. ఇక బలపరీక్ష. మొదట పుస్తకాలు, తర్వాత నీళ్ల క్యాన్లు, ఆఖరికి నేనే ఎక్కి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. అదే సమయానికి టీచరమ్మ పెరుగు తోడుకి వచ్చింది.

"బాబుగారికి ఒంట్లో బాలేదా?" అని మా ఆవిడని మెల్లగా అడిగింది.

"ఒకటి మిగిలిందండీ" అంది మా ఆవిడ.

"అయ్యో" అని టీచరమ్మ నా వైపు జాలిగా చూసింది. బొత్తాం రోజులు గుర్తొచ్చినట్టున్నాయి.

మంచం కిర్రుమనలేదు. నేను మాత్రం ఇంకా అయోమయంలోనే ఉన్నాను. బీరువా మీంచి డబ్బాలోంచి డబ్బాలోంచి ఆ స్క్రూ తీశాను. అప్పుడు తట్టింది. ముప్ఫయ్యారు స్క్రూల మరల్లోనూ సబ్బు ఉంది. దీనికి లేదు. వాసన చూశాను. ఉత్త ఇనుము. పైగా కాస్త తుప్పు. ఇది ఈ మంచం మొహమే చూడలేదు!

నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ ఏదో రుద్దుతోంది. స్టూలో, లాంతరో తెలీదు.

"పెద్దమ్మా, ఈ స్క్రూకి సబ్బు లేదు."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఓరి నీ! వాసన కూడా చూశావా?"

"చూశాను. ఇది ఎక్కడిది?"

"ఆ పై అరలో రెండో సీసాలోది" అని మళ్లీ రుద్దుకోసాగింది.

గోడవైపు తిరిగిన సీసా అదే. చెయ్యి చాచి ఇటు తిప్పాను. లోపల స్క్రూలు, బొత్తాలు, పూసలు, రెండు పళ్లచక్రాలు. చీటీ మీద 'మిగిలినవి' అని ఉంటుందనుకున్నాను. లేదు. 'మిగలబోయేవి' అని ఉంది.

రెండుసార్లు చదివాను. మిగిలినవి అంటే అర్థమవుతుంది. మిగలబోయేవి ఏమిటి? పని మొదలుపెట్టకముందే మిగలడమేమిటి?

"అంటే... వస్తువు చెయ్యకముందే ఇందులోంచి ఒకటి తీసి..."

"జేబులో వేసుకుంటా. ఏడు జేబులెందుకనుకున్నావు?"

"ఎందుకు పెద్దమ్మా ఇదంతా? రెండు రోజులు నరకం చూశాను!"

ఆవిడ ఉప్పుకాగితం పక్కన పెట్టింది.

"మంచం గట్టిగా ఉందిరా, భయం లేదు అని నేను చెబితే నమ్మేవాడివా?"

"...లేదు."

"ఒట్టేస్తే?"

"ఊహూఁ."

"పోనీ ఇప్పుడు నమ్ముతావా?"

"ఇప్పుడెందుకు నమ్మను? ముప్ఫయ్యారూ నేనే విప్పి నేనే బిగించాను కదా!"

అనేశాక నా మాట నాకే వినపడింది. ఆవిడ నవ్వింది.

"నేను చేసిచ్చింది చేసిచ్చినట్టు ఉన్నంత సేపూ అది నా మంచం. నా మంచంలో నీ కూతుర్ని ఎలా పడుకోబెడతావు? విప్పి బిగించావు, ఇక నీది. మీ పెదనాన్న మా పెద్దాడికి చేసిన ఊయల మీద నేనూ ఇంతే. ఆయన పర్లేదంటారు, నాకు వణుకు. మూడు నెలలు పిల్లాణ్ణి ఒళ్లోంచి దింపలేదు, నడుము పోయింది. ఒకరోజు ఆయన లేనప్పుడు నేనే మొత్తం విప్పి బిగించా. ఆ పూట పడుకోబెట్టా. అదిగో, అప్పట్నుంచి భయస్తుల్ని చూస్తే నాకు జాలి. ఒకటి మిగిల్చి చేతిలో పెడతా."

"మా ఆవిడ దండ?"

"పిచ్చిపిల్ల, పెళ్లిలో చేతులు వణికిపోతుంటే చూళ్లేకపోయా. పూసలు లెక్కపెట్టుకుంటూ కుదుటపడింది."

"నాన్న గడియారం?"

"మీ నాన్న విప్పనేలేదుగా. అందుకే ఇప్పటికీ టైము నిన్నడుగుతాడు."

"బావ పుస్తకాల బీరువా? దానికీ ఒక స్క్రూ మిగిలిందే. అదీ ఈ సీసాలోదేనా?"

పెద్దమ్మ మొహం మారింది. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అది మాత్రం నిజంగానే మిగిలిందిరా. ఎక్కడిదో ఇప్పటికీ తెలీలేదు. వాడికి చెప్పకు."

ఆ రాత్రి పాపని మంచంలో వేశాం. అది కటకటాలు పట్టుకుని లేచి నిలబడి, తేనెమైనం కర్రని మనసారా కొరికి, అలాగే కిందికి జారి నిద్రపోయింది. మర్నాడు ఆదివారం నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని బావ ఇంటికి వెళ్లాను. ఊరికే చూసి పోదామని వచ్చానన్నాను.

నా భయాలేమీ తగ్గలేదు. పాపకి ఒళ్లు వెచ్చబడితే భయమే, మెట్లు చూస్తే భయమే. కాకపోతే ఇప్పుడు థర్మామీటర్ పట్టుకుని భయపడుతున్నాను, మెట్లకి అడ్డుగేటు బిగిస్తూ భయపడుతున్నాను. ఆ సీసా చూసిన రోజు నేను బయల్దేరుతుంటే పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చి ఆ తుప్పు స్క్రూని మళ్లీ నా జేబులో వేసి చెప్పిన మాట అదే:

"భయపడొద్దని నీకు చెప్పనురా సైన్సూ, నువ్వు వినవు. భయపడు. చేతులు కట్టుకుని మాత్రం భయపడకు."