మధ్య చుక్క లేని ముగ్గు

2023 ఆగస్టు. పరాయి దేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో యూనిఫాంలకూ టోపీలకూ ఎంబ్రాయిడరీ చేసే చిన్న షాపులో నేను డిజిటైజర్‌ని. డిజిటైజింగ్ అంటే బొమ్మను కుట్లుగా మార్చడం. సూది ఎక్కడ మొదలవ్వాలో, ఎటు వెళ్లాలో, దారం ఎక్కడ తెగాలో కంప్యూటర్లో ముందే చెప్పాలి. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేని పని. అందుకే నాకు నచ్చింది.

ఒక మధ్యాహ్నం కీర్తన వచ్చింది. యూనివర్సిటీలో తెలుగమ్మాయిల సంఘం 'చెలిమి'కి ఆ ఏడాది ప్రెసిడెంట్. కొత్తగా చేరే అమ్మాయిలకు బ్యాడ్జి పెట్టి సంఘంలోకి ఆహ్వానించడం వాళ్ల ఆనవాయితీ. ఈసారి బ్యాడ్జీలు పెట్టడానికి, సంఘాన్ని మొదలుపెట్టిన నలుగురిలో ఒకరైన వసుంధర ఆంటీ వస్తున్నారట. అందుకని ఎప్పటి కాగితం బ్యాడ్జీలు కాకుండా గుడ్డమీద కుట్టించాలనుకుంది.

వాళ్ల చిహ్నం పసుపు గీతతో వేసిన మెలికల ముగ్గు. పైన ఒక చుక్క, కింద ఒకటి, పక్కల చెరొకటి. మధ్యలో మాత్రం లేదు.

"ఎవరో ఎడిట్ చేస్తుంటే పోయినట్టుందక్కా. మా అమ్మకి చూపిస్తే, చుక్క లేకుండా మెలికెలా తిప్పారే అని ఒకటే నవ్వు. పెట్టెయ్, ప్లీజ్."

నాకూ అలాగే అనిపించింది. వరసకి ఒకటి, మూడు, ఒకటి చుక్కలు. చిన్నప్పుడు నాకు కుదిరిన మొదటి ముగ్గే అది. షాపులో ఇంకెవరి చేతికి వెళ్లినా ఉన్నదున్నట్టు కుట్టేసేవారు. మాకు ముగ్గు తెలుసు కాబట్టి చుక్క పెట్టాం.

ఫంక్షన్‌కి ముందురోజు బ్యాడ్జీల కోసం కీర్తనతో పాటు ఆంటీ కూడా వచ్చారు. ట్రేలోంచి ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నారు. మొహంలో నవ్వు తగ్గింది.

"మధ్యలో ఇదెవరు పెట్టారమ్మా?"

"మిస్సయిందనుకున్నాం ఆంటీ. అది లేకపోతే ముగ్గు తప్పని అమ్మ కూడా అంది."

"మీ అమ్మ కరెక్టే. తప్పే. మేం కావాలనే తప్పు వేశాం."

ఆ నలుగురూ ఇక్కడే ఒక అద్దె ఇంట్లో ఉండేవారట. వాళ్ల యూనిలోనే చేరిన ఒక అమ్మాయి, తీసుకెళ్లేవాళ్లు లేక రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుందని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటినుంచి హాల్లో ఒక పరుపు ఖాళీగా ఉంచారు.

"రేపు దిగే పిల్ల కోసం. ఎవరో తెలీదు, ఎవరైనా సరే. దానిమీద ఉతికిన బట్టలు పడేసినా దెబ్బలాడుకునేవాళ్లం," అన్నారు ఆంటీ. "నాలుగు చుక్కలు మేం. మధ్యలో ఖాళీ, ఆ పరుపు. పసుపంటావా, ఇంటిముందు పసుపు పూల వాటిల్ చెట్టు అప్పుడే విరగబూసింది."

కీర్తన కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపే కదాంటీ. ఇవి పెట్టలేం. వచ్చే పిల్లలకి ఏమీ లేకుండా ఎలా?"

"తీసెయ్యొచ్చు," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

మామూలుగా చుక్కలన్నిటినీ గీత కిందనుంచి ఒకే దారంతో కలుపుతూ కుడతారు, పని త్వరగా అవుతుంది. ముగ్గులో చుక్క చుక్కకీ చెయ్యి ఎత్తుతాం కదా, అలవాటుకొద్దీ నేను ప్రతి చుక్కనూ విడిగా కుట్టించి దారం తెంపించాను. ఒక్కటి తీసినా మిగతావి కదలవు. మొదటి బ్యాడ్జిని వెనక్కి తిప్పి స్టిచ్ ఎరేజర్ ఆనించాను. మంగలి ట్రిమ్మర్‌లా ఉండే ఆ పరికరం కింది దారాన్ని గొరుగుతుంది. ముందువైపు లాగితే చుక్క ఊడి వచ్చింది. గీత చెక్కు చెదరలేదు. మిగిలిన సూది రంధ్రాలకు ఆవిరి పట్టి గోటితో రుద్దితే గుడ్డ మూసుకుంది.

కీర్తన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.

ఆంటీ హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి కూర్చున్నారు. నేను గొరుగుతుంటే కీర్తన లాగింది, ఆంటీ రుద్దారు.

"ఇంత గోరు గోరింటాకు పెట్టుకోడానికి పెంచాను, దీనికి పనికొచ్చింది," అని నవ్వి, "నువ్వొచ్చినప్పుడు ఎవరింట్లో దిగావమ్మా?" అని అడిగారు.

"ఎవరూ లేరాంటీ. బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్లో."

ఆవిడ చేతిలో బ్యాడ్జిని కాసేపు రుద్దుతూనే ఉన్నారు. తర్వాత దాన్ని ట్రేలో వెయ్యకుండా నా ముందు పెట్టారు. "రేపు నువ్వూ రా."

వెళ్లాను.

ఇప్పుడు ఏ డిజైన్లో ఖాళీ కనిపించినా, సరిచేసే ముందు ఫోన్ చేసి ఒక్క మాట అడుగుతాను: "ఇది కావాలనే వదిలారా?" అపరిచితులకు ఫోన్ చెయ్యడం నాకు ఇప్పటికీ భయమే. అయినా చేస్తాను.