తాతయ్య చెప్పిన తప్పులు

నా చిన్నప్పుడు ఒక ఏడాది, కొన్ని నెలలపాటు మా ఇంట్లో ఎవరూ అమ్మ పేరెత్తలేదు. ఆ చలికాలం చివర్లో, వాకిట్లో మంచు ఇంకా కరగకముందే అమ్మ పోయింది. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరు. చుట్టుపక్కల మాకు తెలిసిన తెలుగువాళ్ళు నాలుగైదు కుటుంబాలకు మించి లేరు. వాళ్ళు వచ్చి, వండిపెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అమ్మ మాట ఎత్తితే నేను ఏడుస్తానని నాన్న భయం. నాన్న ఏడుస్తారని నా భయం. అలా ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, పెరుగన్నం తిని, ఎవరి గదిలోకి వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం.

అమ్మ ఉన్నప్పుడు ఆదివారమంటే ప్రయాణమే. తెల్లవారుతూనే పులిహోర కలిపి, చీర మీద నాన్న పాత కోటు వేసుకుని కారులో కూర్చునేది. మిషిగన్‌లో పుట్టిపెరిగినవాళ్ళు కూడా చూడని చోట్లు అమ్మకెలా తెలిసేవో! పెట్రోలు బంకులో, కిరాణాకొట్టులో ఎవరు కనిపించినా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి తెలుసుకునేది. టీ డికాక్షన్ రంగులో దూకే జలపాతం, తడిపితే తప్ప పువ్వులు కనిపించని రాళ్ళుండే ఒడ్డు, ఎవరూ ఎక్కని లైట్‌హౌసు, అన్నీ అలా చూసినవే. చూడాల్సింది ఒక్కటి మిగిలిపోయింది. పెద్ద వంతెన దాటి ఇంకా పడమరకు పోతే, అడవి మధ్యలో కిచిటికిపి అని ఒక ఊట ఉందట. ఆ పేరు వినగానే పిచికలు అరిచినట్టుందని అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఎండాకాలం రాగానే వెళ్దామనుకున్నాం.

ఎండాకాలం వచ్చింది. అమ్మ బదులు తెనాలి నుంచి మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న వచ్చారు. కూతుర్ని ఆఖరిచూపు చూసుకోలేకపోయిన మనిషి. వచ్చిన రోజే నాన్న ఆయన్ను పక్కకు పిలిచి, పిల్ల దగ్గర అమ్మ మాట ఎత్తవద్దని బతిమాలడం నేను విన్నాను. తాతయ్య తలూపారు. కొన్నాళ్ళు నాకు పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించారు. అమ్మ సంగతి ఎత్తలేదు. తర్వాత ఒకరోజు, "అల్లుడుగారూ, అమ్మాయి ఫోనులో ఏదో ఊట సంగతి చెప్పింది. నాకు చూపిస్తారా?" అని అడిగారు. నాన్న కాదనలేకపోయారు.

వంతెన దాటి సరస్సు ఒడ్డున పోతుండగా తాతయ్య ఉన్నట్టుండి, "మీ అమ్మకు కాఫీ అంటే గిట్టదు కదుటే అమ్మడూ!" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. గొంతులో కాఫీ పడనిదే అమ్మ కారెక్కేది కాదు. అద్దంలో నాన్న కళ్ళు చూసి నోరు మూసుకున్నాను గానీ, ఆ తప్పు ఎండుమిరపగింజలా నాలుక మీద మండుతూనే ఉంది.

ఊట దగ్గర ఒక తెప్ప ఉంది. ఎక్కినవాళ్ళే చక్రం తిప్పుకుంటూ తాడు వెంబడి నీళ్ళ మధ్యకు పోవాలి. మాతోపాటు ఒక ముసలి అమెరికన్ ఆవిడ ఎక్కింది. చక్రం నాన్న తిప్పారు. నీళ్ళు పచ్చగా, అద్దంలా ఉన్నాయి. ఎంతో లోతున ఇసుక పొంగుతున్న పాలలా కదులుతోంది. ఈ ఊట ఏ చలికాలంలోనూ గడ్డకట్టదని ఆవిడ చెప్పింది.

తాతయ్య నీళ్ళలోకి చూస్తూ, "మీ అమ్మకు నీళ్ళంటే హడల్. ఇక్కడికి వచ్చి ఉన్నా ఒడ్డునే కూర్చునేది" అన్నారు.

ఇక నావల్ల కాలేదు. "నో తాతయ్యా! రాంగ్! అమ్మకి భయం లేదు. సుపీరియర్ లేక్‌లో మోకాళ్ళ దాకా దిగింది. చీరంతా తడిసిపోయింది. నాన్నే భయపడ్డారు!"

"అలాగా! మరి పాటలు మాత్రం రావులే పాపం."

"వచ్చు! కార్‌లో ఎప్పుడూ పాడేది."

"ఏం పాడేదో. గొంతు బాగుండొద్దూ?"

చక్రం ఆగింది. "గొంతు బాగానే ఉండేది మామయ్యగారూ" అన్నారు నాన్న. "శ్రుతే కుదిరేది కాదు."

అని నవ్వారు. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. చక్రం మీద తల పెట్టుకుని, నేను ఎన్నడూ చూడనంతగా ఏడ్చారు. నేను వెళ్ళి ఆయన నడుము చుట్టుకున్నాను. మా భాష ఒక్క ముక్క తెలియని ఆ ముసలావిడ లేచి, నాన్న చేతుల్లోంచి చక్రం మెల్లగా తీసుకుని, తెప్పను ఒడ్డుకు చేర్చింది.

ఒడ్డున బల్ల మీద పులిహోర తింటూ అడిగాను, అమ్మ గురించి తాతయ్యకు నిజంగానే ఏమీ గుర్తులేదా అని. "ఈ చేతుల మీద పెంచిన పిల్లే, ఎలా మరిచిపోతాను?" అన్నారు తాతయ్య. "ఎలా ఉన్నావని అడిగితే నువ్వు నోరు విప్పవు. తప్పు చెబితే మాత్రం ఊరుకోవు. మీ అమ్మా అంతే." గొంతు తగ్గించి మరో మాట అన్నారు. "నీళ్ళ సంగతి మాత్రం కావాలని అన్నది కాదమ్మా. చిన్నప్పుడు కాలవలో పడ్డాక నీళ్ళంటే వణికిపోయేది. ఆ భయం ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు." ఇంటికి వెళ్ళేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, నాన్నా నేనూ పోటీపడి చెబుతూనే ఉన్నాం. తనకు తెలియని కూతుర్ని ఆ కారులోనే ఆయన మొదటిసారి కలుసుకున్నారు.

ఇప్పుడు నేను డెట్రాయిట్ పక్కనే నోవైలో ఉంటున్నాను. తాతయ్య ఎప్పుడో పోయారు. కిందటేడు నాన్నా పోయారు. మొన్న శీతాకాలం, ఇక్కడ మాస్టర్స్ చదివే ఒక అమ్మాయి, తండ్రి పోయినా వీసా చిక్కుల వల్ల ఊరికి వెళ్ళలేక, మా ఇంట్లో రాయిలా కూర్చుంది. కాఫీ ఇచ్చి, "మీ నాన్నగారికి కోపం ఎక్కువనుకుంటా" అన్నాను. "లేదాంటీ, మా నాన్నకి అసలు కోపమే రాదు" అంది. ఏడుస్తూనే చాలాసేపు ఆయన గురించే చెప్పింది. తాతయ్య ఇచ్చినదాన్ని అలా ఇంకొకరికి ఇవ్వగలుగుతున్నాను.

నాకోసం వాడుకోవడమే కష్టంగా ఉంది. మనవల్ని కారులో ఆ ఊటకు తీసుకెళ్తుంటాను. దారిలో అమ్మ గురించి చెబుతూ, కావాలనే ఒక తప్పు కలుపుతాను. కాఫీ అంటే గిట్టదంటాను, పాటలు రావంటాను. చెప్పి కాసేపు ఆగుతాను. పిల్లలు బుద్ధిగా తలూపుతారు. అమ్మను చూసినవాళ్ళు ఈ భూమ్మీద నేను తప్ప ఎవరూ మిగల్లేదు. సరస్సు పక్కన రోడ్డు అలా సాగిపోతూనే ఉంటుంది. చివరికి, కాదు అని నేనే అంటాను.