బాపు తెచ్చిన గోల్ఫ్ కట్టెలు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున బాపు మా చెల్క భూమిలో బంతి పెట్టుకుని నిలబడితే, నేను ఎండిపోయిన వాగుకు అవతలి గడ్డ మీద నిలబడేదాన్ని. నా పని ఒక్కటే... బంతి వాగు దాటిందో లేదో చూసి అరవడం.

"దాటిందా బిడ్డా?"

"దాటింది బాపూ...!"

అంతే... తలకు చుట్టుకున్న రుమాలు ఊడదీసి గాల్లో ఊపేవాడు. ఆ ఊపుడు చూడ్డానికే నేను మండుటెండలో నిలబడేదాన్ని.

మాది మర్రిగూడ పక్కన చిన్న ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తలు అవి. బాపు హైదరాబాద్ శివారులో ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పనికి పోయి, వారానికోసారి బస్సులో ఇంటికొచ్చేవాడు. పనికిరావని అక్కడ పక్కన పడేసిన కట్టెలు రెండు, బంతులు నాలుగు అడిగి తెచ్చుకున్నాడు. అవ్వ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "గొర్లను మలుపనీకి మంచిగుంటయి తియ్" అంది.

రెండూ ఇనుప తలలవే. ఒకటి పొడుగు, దాని మొహం దాదాపు నిటారుగా ఉండేది. ఇంకోటి పొట్టిది, బరువు... మొహం బాగా వెనక్కి వాలి ఉండేది. నిటారు మొహంతో కొడితే బంతి తక్కువ ఎత్తులో దూసుకుపోయి ఎక్కడో పడేది. వాలు మొహంతో కొడితే ఆకాశానికి లేచి దగ్గర్లోనే దబ్బున పడేది.

"పొడుగు కట్టె తల పెద్ద చుట్టు తిరిగొస్తది బిడ్డా... గందుకే దానికి జోరెక్కువ" అని బాపు చెప్తుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. వాగు దాటేది ఆ పొడుగు కట్టెతోనే.

ఇంకోటి కూడా చెప్పేవాడు... "ఆడ గడ్డికి పొద్దుమాపు నీళ్ళు కొడ్తనే ఉంటరు. తియ్యటి నీళ్ళు." మేమేమో బోరింగు నీళ్ళు తాగేవాళ్ళం. మా బడిలో అందరి పళ్ళకూ గారలే. గడ్డికి తియ్యటి నీళ్ళేంటని అప్పుడు పడీ పడీ నవ్వాను... ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతుంది.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి బంతి వాగులో పడటం మొదలైంది. పొడుగు కట్టెతో ఎంత కొట్టినా నేలను పట్టుకుని దొర్లేదే తప్ప లేచేది కాదు.

"దీని మొహంల వాలు లేదు, అందుకే లేస్తలేదు" అన్నాడు బాపు. వాలు కట్టె తీశాడు. బంతి లేచింది... లేచి వాగు ఇసుకలోనే పడింది.

"ఇది మరీ పొట్టిగుంది. పొడుగు చేపిస్తే జోరొస్తది" అన్నాడు. బాపు నడుము ఇదివరకటిలా వంగడం లేదని ఇంట్లో అందరం చూస్తూనే ఉన్నాం. ఒక్కరం కూడా ఆ మాట ఎత్తలేదు.

కమ్మరాయన సన్నటి పైపు ముక్క జోడించి కట్టెను పొడుగు చేసిచ్చాడు. బాపు నిటారుగా నిలబడి కొడితే దాని తల కొన మట్టిలో గుచ్చుకుని బంతి కుడి పక్కకు కొట్టుకుపోయింది. మళ్ళీ కొలిమి దగ్గరికి పోయాం. ఈసారి కమ్మరాయన తల అతికే చోట కట్టె మెడను ఎర్రగా కాల్చి, సుత్తితో జాగ్రత్తగా వంచాడు.

బాపు అది చూస్తూ నిలబడి అన్నాడు...

"గట్లనే నా మెడ గూడ గా నిప్పుల పెట్టరాదు మామా... రెండు దెబ్బలకు తిరుగుతదేమో."

కమ్మరాయన నవ్వలేదు. సుత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు... ఇన్నాళ్ళూ మేం బాగు చేస్తున్నది కట్టెను. పాడవుతున్నది కట్టె కాదు.

నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం. నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకలకు పట్టిందని, పట్టింది ఇక పోదని డాక్టరు చెప్పాడు. ముందు నీళ్ళు మార్చమన్నాడు.

"ఏ నీళ్ళు తాగాలె సారూ?" అని అడిగింది అమ్మ. ఆయన గోలీలు రాసిచ్చాడు.

ఆ ఆదివారం బాపు మెడ వంచిన కట్టెతో కొట్టాడు. బంతి ఎంత తిన్నగా వచ్చిందో... సరిగ్గా వాగు నడిమధ్యలో పడింది. తలెత్తి చూడలేక నేల చూస్తూనే అడిగాడు.

"దాటిందా బిడ్డా?"

"లేదు బాపూ..."

"జరంతల తప్పిందా?"

"ఆ... జరంతల."

కట్టె నా చేతికిచ్చి ఇంటి దారి పట్టాడు. మళ్ళీ కొట్టలేదు... మైదానం పనికీ పోలేదు.

ఇప్పుడు మా ఊరికి నది నీళ్ళు వస్తున్నాయి. వాకిట్లోనే నల్లా. వాడకట్టులో చిన్నపిల్లలు నవ్వితే తెల్లటి పళ్ళు చూసి ప్రాణం లేచొస్తుంది. బాపు మాత్రం ఆ వాలు కట్టెనే తలకిందులు చేసి, దాని తల అరచేతిలో పట్టుకుని నడుస్తాడు.

మొన్న ఆదివారం పదో తరగతి చదివే మా తమ్ముడు ఆ పాత పొడుగు కట్టె తీసుకుని చెల్కలోకి పోయాడు. బాపు మంచం మీద కూర్చున్నాడు, వాగు వైపు తల తిప్పలేడు; పక్కన నిలబడి నేనే చూస్తున్నాను. ఠప్పున శబ్దం వినపడింది.

"దాటిందా బిడ్డా?"

"దాటింది బాపూ...!"

రుమాలు తీద్దామని చెయ్యి లేపాడు. అది భుజం దాకా కూడా రాలేదు... నేనే తీసి ఊపాను.

మా బాపుకు బలమున్నప్పుడు మాకు నీళ్ళు లేవు. నీళ్ళొచ్చేసరికి...

మీ నాయినలు కూడా ఒకప్పుడు ఏదో ఒకటి చాలా దూరం విసిరే ఉంటారు... రాయో, బంతో, వడిసెలతో గులకరాయో. ఎంత దూరం పోయేదో కింద రాయండి. వచ్చే ఆదివారం బాపు పక్కన కూర్చుని అన్నీ చదివి వినిపిస్తాను.