రాజనర్సు దిగిన గని

రాయికల్‌లో బీడీలు చుట్టే నర్సక్కకు చిన్ననాటి నుంచి ఒకటే పంతం. తన తండ్రి రాజనర్సు కోలారు బంగారు గనుల్లో పనిచేశాడని వాడకట్టు ఒప్పుకోవాలి. ఆయన పెళ్లికి ముందు ఊరు విడిచి, ఏళ్లు గడిచాక దగ్గు తప్ప ఏమీ తేకుండా తిరిగొచ్చాడు. "బంగారం తవ్వినోని పెండ్లాం మెడల పసుపుకొమ్మేనా?" అని జనం నవ్వేవాళ్లు. కన్నకొడుకు, నర్సక్క తమ్ముడు పోశం కూడా నమ్మలేదు. "ఏడనో కూలి చేసి బాపు గొప్పలు చెప్పిండు" అనేవాడు. రాజనర్సు ఎవరితోనూ వాదించకుండానే పోయాడు.

కిందటేడు నర్సక్క కూతురు సరితకు బెంగళూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. బిడ్డను చూడబోయిన నర్సక్క, "నన్ను కోలారు గనులకాడికి తోల్కపో" అని పట్టుబట్టింది.

రైలు దిగితే అక్కడ గుట్టల్లా పేరుకున్న గనిమట్టి, ఎప్పుడో ఆగిపోయిన పెద్ద ఇనుప చక్రాలు, పాత దొరల బంగళాలు, వాటికి దూరంగా కార్మికుల రేకుల ఇళ్ల వరుసలు. నర్సక్క గడపగడపకూ పోయి తండ్రి పేరు అడిగింది. అందరూ తల అడ్డంగా ఊపారు.

"పోదాం అమ్మా, ఎండ కొడుతుంది" అంది సరిత.

"ఇంకో గల్లీ సూద్దాం బిడ్డా."

ఆ గల్లీలో మునియప్ప అనే ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పటి గని కార్మికుడు. పేరు వినగానే, "ఎడమ చెవి సగం ఉండదు, ఆ రాజనర్సేనా?" అన్నాడు.

నర్సక్క అరుగు దగ్గరికి జరిగింది. "గాయినే మా బాపు. చెవి కుక్క కొరికిందనెటోడు."

"కుక్క కాదమ్మా. గనిలో బండలు కూలి నేను లోపల చిక్కుకుంటిని. అందరూ బయటికి పరిగెత్తితే మీ నాయన ఒక్కడే వెనక్కొచ్చినాడు. నన్ను లాగేటప్పుడు రాయి పడి చెవి తెగింది. ఆయన లేకుంటే నేను లేను, ఈ ఇల్లూ లేదు."

కొడుకులనూ మనవళ్లనూ పిలిచి, "రాజనర్సు కూతురు వచ్చింది" అని చెప్పాడు. కోడలు చాప పరిచి అన్నం వడ్డించింది. నర్సక్క ముద్ద నోట పెట్టకముందే పోశంకు వీడియో కాల్ చేయించి, ఫోను మునియప్ప చేతికిచ్చింది. ఆయన అంతా మళ్లీ చెప్పాడు.

"అక్కా, ఆడనే ఉండు. నేనస్తున్న" అన్నాడు అవతల పోశం.

వచ్చాడు. ముసలాయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఊరికి తిరిగి రాగానే, అంగడి నాడు నలుగురిని పోగేసి తండ్రి కథ తనే అందుకున్నాడు. ఒకప్పుడు నవ్విన వాడకట్టే చుట్టూ చేరి విన్నది. పోశం తొందరలో ఏదన్నా మరిచిపోతే, పక్కన నిలబడ్డ నర్సక్క అందించింది.