బెల్టు వేయించిన పెద్దాయన

కాకినాడ నుంచి నడుపుకొచ్చిన నా సెకండ్‌హ్యాండ్ కారు అబిడ్స్‌లో బెల్టు తెంపుకుంది. ఇంకో రెండు గంటల్లో అత్తగారు నాంపల్లి స్టేషన్లో రైలు దిగుతారు.

దగ్గర్లోని రిపేరు షాపుకి తోయించాను. అక్కడ మెకానిక్ పక్కనే ఒక పెద్దాయన సెల్‌ఫోన్ లైటు పట్టుకుని హుకుం జారీ చేస్తున్నాడు. "ఉత్త బెల్టేస్తే మళ్ల తెగుతది. దాన్ని బిగబట్టే టెన్షనర్ సుత మార్చు."

"ఔ అన్నా," అన్నాడు మెకానిక్.

షాపు ఆయనదే అనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండూ మార్చాక బండి చప్పుడు లేకుండా స్టార్టయింది. ఎంతయిందండీ అని ఆయన్నే అడిగాను.

"నాకేమెరుక సార్? గిట్లా పోతుంటే ఆగిన. జర నాంపల్లి దాకా దింపున్రి."

ముందు సీట్లో కూర్చుని దారంతా నాకు డ్రైవింగ్ నేర్పాడు. స్టేషన్ బయటికొచ్చిన అత్తగారు ముందుగా ఆయనకే నమస్కారం పెట్టి, "కారు వీరిదా, అల్లుడుగారూ?" అన్నారు.

అప్పటికి నాకూ అదే అనుమానంగా ఉంది.