బాలేషన్న చిన్న డౌటు

బాలేష్‌కు డౌటు రాని విషయం ఈ భూమ్మీద లేదు. అది ఎంత పెద్ద డౌటైనా సరే, "నాదొక చిన్న డౌటు" అనే మొదలుపెట్టేవాడు. కుడిచేయి సగం పైకి లేచేది, తల కాస్త పక్కకు వాలేది. అది చూడగానే చుట్టుపక్కలవాళ్లు చేస్తున్న పని ఆపేసి నిట్టూర్చేవారు. షామీర్‌పేట దగ్గరున్న ఆ యూనివర్సిటీలో సమాజశాస్త్రం పీహెచ్‌డీ చేసేవాళ్లందరికీ ఆయనే సీనియర్. ఆయనతోపాటు చేరినవాళ్లు పాసయ్యారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు, కొందరు తమ కింద పరిశోధకులను కూడా చేర్చుకున్నారు. బాలేష్ మాత్రం డౌట్ల దగ్గరే ఉండిపోయాడు.

మేడ్చల్‌లో మేనత్త కొడుకు పెళ్లి. ముహూర్తం దగ్గర పడింది, వధూవరుల చేతుల్లో జీలకర్ర బెల్లం సిద్ధంగా ఉంది. "పంతులుగారూ, నాదొక చిన్న డౌటు" అన్నాడు బాలేష్. "ముందుగాల జీలకర్ర దంచుతరా, బెల్లం దంచుతరా?" పంతులుగారు మంత్రం మరిచిపోయి మళ్లీ మొదటినుంచి అందుకోవాల్సి వచ్చింది. పెళ్లికూతురి తండ్రికి చెమటలు పట్టాయి. ఆ తర్వాత చుట్టాలెవరూ బాలేష్‌ను మండపం దగ్గరికి రానివ్వలేదు, వడ్డన దగ్గరే నిలబెట్టేవారు.

ఇన్నేళ్లు చదువుతుంటే ఇంట్లో ఏమీ అనరా అని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. అనకపోవడానికి కారణం ఉంది. బాలేష్ తండ్రి వెంకటనర్సయ్యకు తుర్కపల్లి వైపు భూములున్నాయి, ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. ఒకసారి కొడుకును పనిలో పెడదామని కొనేవాళ్లు వచ్చినరోజు వెంట తీసుకెళ్లాడు. అందరూ స్థలం చూసి సంతోషపడుతుండగా బాలేష్ చేయి లేచింది.

"నాయినా, నాదొక చిన్న డౌటు. వానకాలం గీ జాగల మోకాళ్లకాడికి నీళ్లుంటయి గద, వీళ్లు ఇల్లు యాడ కడ్తరు?"

కొనేవాళ్లు కారెక్కారు. వెంకటనర్సయ్య కొడుకు భుజం మీద చేయి వేశాడు. "నువ్వు సదువుకో బిడ్డా. ఎన్నేండ్లైనా సదువుకో."

ఇవన్నీ విని కడుపుబ్బ నవ్విన సృజనకు ఈమధ్య నవ్వు రావడం లేదు. సూరారం నుంచి వచ్చి చదువుతున్న ఈ అమ్మాయి తుర్కపల్లి మందుల ల్యాబుల్లో పనిచేసే ఆడవాళ్ల మీద, వాళ్లను ఇళ్ల నుంచి తీసుకెళ్లి దింపే కంపెనీ క్యాబుల మీద థీసిస్ రాసింది. మిగిలింది సెమినార్ ఒక్కటే. థీసిస్ అప్పగించే ముందు అందరి ఎదుటా నిలబడి తాను చేసిన పని చెప్పుకోవాలి. బాగోలేదంటే వెనక్కి పంపుతారు. గడువులు పెట్టకముందే చేరిన బాలేష్‌కు ఆ బెంగ లేదు గానీ, ఆమె గడువు ఇప్పటికే పొడిగించారు, ఇక పొడిగించరు. ఈసారి వెనక్కొస్తే పేరు కొట్టేస్తారు, చదివిన ఏళ్లన్నీ మట్టిలో కలుస్తాయి. ఆ ఆలోచన వచ్చిందంటే చాలు, ఆమె కంచం ముందునుంచి లేచిపోయేది.

ఆ భయం చాలదన్నట్టు ఇంట్లో బోర్డొకటి. తండ్రి బాలరాజు దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. బోర్డులు రాసే స్నేహితుడితో 'డాక్టర్ సృజన' అని రాయించి, పాత దుప్పట్లో చుట్టి బీరువా వెనక పెట్టాడు.

"బాపూ, ఇంక కాలే గద, అప్పుడే బోర్డేంది?"

"పెయింటు ఆరాలె గద బిడ్డా."

ఆ పెయింటు ఆరబెట్టి ఏడాది దాటింది. సృజన బీరువా తెరిచినప్పుడల్లా దుప్పట్లోంచి తన పేరు తనను చూస్తున్నట్టే ఉండేది.

యూనివర్సిటీ గేటు ఎదుట బుచ్చవ్వ చాయ్ కొట్టు ఉంది. అక్కడ హోదాల పంపకం చేసేవాడు తోటి పరిశోధకుడు శ్రీకాంత్. చేరగానే పావు డాక్టరు, కోర్సు పరీక్షలు పాసైతే అర, సెమినార్ గట్టెక్కితే ముప్పావు, వైవా అయ్యాక నిండు డాక్టరు. శ్రీకాంత్ ఈమధ్యే ముప్పావయ్యాడు. కొట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ ఇప్పుడు ఆయనదే.

"అర డాక్టర్లు జరగుండ్రి. గాలి రావాలె" అన్నాడు కాళ్లు చాపుతూ.

"ముప్పావుకే గింత గీర ఉంటే, నిండైనంక మమ్ముల గుర్తుపడ్తవా?" అంది సృజన.

"అపాయింట్‌మెంట్ తీస్కోని రా, చూద్దాం."

"మరి బాలేషన్న ఎంత డాక్టరు?"

"అన్నను లెక్కల వెయ్యొద్దు. డిపార్ట్‌మెంట్ గోడలు కట్టకముందుకెల్లే ఉన్నడు."

ఇంతమంది డాక్టర్లను చూసిన ధైర్యంతో బుచ్చవ్వ మోకాళ్ల నొప్పికి గోలి రాయమంది. "అవ్వా, మేం ఆ డాక్టర్లం గాదు" అన్నాడు శ్రీకాంత్. "గీ డాక్టర్లం గూడ ఇంక గాలె."

అంతలో బాలేష్ వచ్చాడు. చాయ్ గ్లాసు అందుకోకముందే చేయి లేచింది. "సృజనా, నాదొక చిన్న డౌటు. ఆ క్యాబుల కిటికీ పక్క సీటు ఎవలిది?"

రోజూ ఇదే డౌటు. మొదటిసారి అడిగినప్పుడు సృజన నవ్వి, ముందెక్కినవాళ్లదని చెప్పింది. మర్నాడు ఎన్నడూ అడగనట్టే మళ్లీ అడిగాడు. దూరం నుంచి వచ్చేవాళ్లదంది. అయితే దూరాన ఉండేదెవరని అడిగాడు. ఆ మాట తేల్చడానికి ఆమె మళ్లీ తుర్కపల్లి వెళ్లి క్యాబులెక్కి తిరిగింది. అయినా డౌటు తీరలేదు. చెవిలో జోరీగలా ఇప్పటికీ అదే ప్రశ్న.

"అన్నా, నేను పరేషాన్‌ల ఉన్న. నీకు దండం పెడ్త, జర ఇడిసిపెట్టు" అంది సృజన. బాలేష్ తలూపి చాయ్ తాగాడు. మర్నాడు మళ్లీ అడిగాడు.

చాయ్ కొట్టులో అడిగితే అడిగాడు, ఎవరి సెమినారైనా చివరి వరసలో కూర్చుని వాళ్లను రోజూ అడిగే డౌటే అక్కడా అడిగేవాడు. సెమినార్ ఇంగ్లిష్‌లో నడుస్తుంటే ఈయన లేచి తెలుగులో అందుకునేవాడు. శ్రీకాంత్ థీసిస్ చెరువుల మీద. ఏళ్ల తరబడి పోగేసిన పటాలు, అంకెలు తెరమీద వేశాడు. బయటి నిపుణురాలిగా వచ్చిన లక్ష్మీకాంతమ్మ మేడం ఏదో అడగబోతుండగా బాలేష్ లేచాడు. "నాదొక చిన్న డౌటు. చెరువు ఎండినంక బర్రెలు యాడికి పోతయి?" శ్రీకాంత్ బర్రెల గురించి మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. సెమినార్ గట్టెక్కింది గానీ, ఆ రోజునుంచి అతన్ని అందరూ బర్రెల డాక్టరనే అంటున్నారు.

"నా ఇజ్జత్ తీసిండు" అని శ్రీకాంత్ ఇప్పటికీ పళ్లు నూరుతుంటాడు. "నీ సెమినార్‌కు గూడ లక్ష్మీకాంతమ్మ మేడమే వస్తాంది. గీయన లేస్తే నీ పని ఖతం."

సెమినార్ ఇచ్చేవాళ్లే వచ్చినవాళ్లకు సమోసాలు పెట్టడం ఆ డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ. శ్రీకాంత్ బుర్రలో ఉపాయం మెరిసింది. సృజనకు మనసొప్పలేదు, కానీ భయం మనసు మాట విననివ్వలేదు.

సెమినార్ రోజు పొద్దున శ్రీకాంత్ బాలేష్‌ను పట్టుకున్నాడు. "అన్నా, మేడ్చల్ల సమోసాలు మస్తుంటయి. నువ్వే తేవాలె."

"నాదొక చిన్న డౌటు. షామీర్‌పేటల సమోసాలు దొరుకయా?"

"గవి మెత్తగుంటయి అన్నా."

బాలేష్ సృజన వైపు చూశాడు. "నేనొచ్చేదాంక సెమినార్ ఆగుతది గద?"

"ఆగుతది అన్నా" అంది సృజన నేల చూస్తూ. బాలేష్ బండి తీసుకుని వెళ్లిపోయాడు.

సెమినార్ ఎవరి కోసమూ ఆగలేదు. సృజన మొదటి స్లైడు వేసి నోరు తెరిచేలోపే లక్ష్మీకాంతమ్మ మేడం కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. ఆమె కళ్లద్దాలు తీసిందంటే ఎవరో ఇంటికి వెళ్లడం ఖాయమని అందరికీ తెలుసు. "స్లైడ్లు తర్వాత చూద్దాం. నీ థీసిస్ ఏం చెబుతుందో ఒక్క వాక్యంలో చెప్పు" అంది ఇంగ్లిష్‌లో.

సృజనకు థీసిస్ మొత్తం కంఠతా వచ్చు. ఆ ఒక్క వాక్యమే రాలేదు. నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా ఎటో పోయింది. గైడు సార్ వైపు చూస్తే ఆయన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. శ్రీకాంత్ గోళ్లు కొరుకుతున్నాడు. బీరువా వెనక బోర్డు కళ్లముందు కదిలింది. అలవాటుకొద్దీ ఆమె చూపు చివరి వరసకు పోయింది. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ఖాళీ చేయించింది తానే. ఆ క్షణంలో వచ్చిన ఏడుపును సృజన పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"చెప్పమ్మా" అంది మేడం.

తలుపు కాలితో నెట్టిన చప్పుడైంది. రెండు చేతులా సమోసాల డబ్బా పట్టుకుని, రొప్పుతూ బాలేష్ లోపలికొచ్చాడు. చేయెత్తడానికి వీల్లేక డబ్బానే కాస్త పైకెత్తాడు.

"మేడం, నాదొక చిన్న డౌటు."

"ముందు ఆ డబ్బా కింద పెట్టండి."

"పెడ్త మేడం. సృజనా, ఆ క్యాబుల కిటికీ పక్క సీటు ఎవలిది?"

అంతే, సృజనకు చిర్రెత్తుకొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలె అన్నా నీకు? పెద్ద నౌకరీ ఉన్నామె డ్రైవర్ పక్కన కూసుంటది. కిటికీలకాడ పాతోళ్లు కూసుంటరు. కాంట్రాక్టు మీద కొత్తగ చేరినామె నడుమ కూసోవాలె. గామె ఇల్లు దూరం, అందరికంటె ముందుగాల ఎక్కుతది. ఎక్కి కిటికీ పక్కనే కూసుంటది. కానీ పాతామె ఎక్కంగనే నడుమకు జరగాలె. జరగమని ఎవ్వలనరు, గామెనే జరుగుతది. నడుమ ఆనుకునేతందుకు ఏం ఉండదు, నిద్ర రాదు. ల్యాబుల ఉన్న పెద్దాచిన్నా క్యాబుల గూడ ఉంటది అన్నా. ఇంటికాడ దిగేదాంక గామె డ్యూటీ దిగనట్టే."

అని ఆగింది. తాను తెలుగులో, అదీ సూరారం తెలుగులో, బుచ్చవ్వ కొట్లో ఉన్నట్టే అరిచానని అప్పుడు తెలిసింది.

లక్ష్మీకాంతమ్మ మేడం కళ్లద్దాలు పెట్టుకుంది. "చివర్లో అన్నావే, అదే నేనడిగిన ఒక్క వాక్యం" అంది, ఈసారి తెలుగులో. "మరి ఆ పాతామె కూడా ఒకప్పుడు నడుమ కూర్చున్నదే కదా. ఆమె ఎందుకు జరగనిస్తుంది?" సృజనకు దానికీ జవాబు తెలుసు. బాలేష్ అది కూడా ఎప్పుడో అడిగాడు. సెమినార్ సాఫీగా సాగిపోయింది. ఆఖరున మేడం థీసిస్ అప్పగించమని సంతకం పెట్టి, సమోసా కొరికి, మెత్తగా ఉందని మొహం చిట్లించింది.

సాయంత్రం చాయ్ కొట్లో సృజన అడిగింది. "మేడ్చల్ పోయొచ్చెటాళ్లకు అయిపోవాలె గద, గంత జల్దీ ఎట్లొచ్చినవ్ అన్నా?"

"మేడ్చల్ పోలే. షామీర్‌పేట చౌరస్తలనే కొన్న. మెత్తగుంటే మెత్తగున్నయి అనుకున్న."

"నేను గట్ల ఆగిపోతనని నీకు ఎర్కనా?"

"నాకేం ఎర్క? డౌటొచ్చింది, అడిగిన."

శ్రీకాంత్ కుర్చీలోంచి నెమ్మదిగా లేచాడు. రోజూ బర్రెల ముచ్చట అడిగినందుకు ఎన్ని తిట్లు తిట్టాడో గుర్తొచ్చింది. ఆ రోజు బర్రెలు లేకపోతే మేడం ముందు తానేం మాట్లాడేవాడో ఎంత ఆలోచించినా తోచలేదు. కుర్చీ బాలేష్ వైపు జరిపాడు. "కూసో అన్నా. ఒక్క మాట చెప్పు. మా సెమినార్లల్ల నువ్వు అడుగుతవ్. నీ సెమినార్ల నిన్నెవలు అడగాలె?"

బాలేష్ నోటిదాకా తెచ్చిన గ్లాసు అక్కడే ఆగింది. ఇన్నేళ్లుగా ఆయన సెమినార్ ఎందుకు వాయిదా పడుతోందో సృజనకు అప్పుడు అర్థమైంది. అందరి భయమూ తెలిసిన మనిషికి తన భయం తెలియకుండా ఉంటుందా?

మర్నాడు బాలేష్ చాయ్ గ్లాసు అందుకోకముందే సృజన చేయెత్తింది. "అన్నా, నాదొక చిన్న డౌటు. అంగట్ల ముందుగాల వచ్చినోళ్లు నీడకు కూసుంటరా, తొవ్వ పక్కన కూసుంటరా?" బాలేష్ థీసిస్ ఊళ్లలో వారానికోసారి జరిగే అంగళ్ల మీద. ఆయన నవ్వి ఏదో చెప్పాడు. ఆ మర్నాడు శ్రీకాంత్ అదే అడిగాడు. తర్వాత బుచ్చవ్వ కూడా అడగడం మొదలుపెట్టింది.

వానాకాలం పోయాక బాలేష్ సెమినార్. సృజన నిజంగానే మేడ్చల్ వెళ్లి సమోసాలు తెచ్చింది. వేదిక మీద బాలేష్ కాగితాలు సర్దాడు, మళ్లీ సర్దాడు, నోరు తెరిచి మూశాడు. లక్ష్మీకాంతమ్మ మేడం చేయి కళ్లద్దాల మీదికి పోతోంది. తన సెమినార్ నాటికంటే ఎక్కువ భయపడి సృజన లేచి నిలబడింది.

"మేడం, నాదొక చిన్న డౌటు."

ఆమె వెనక శ్రీకాంత్ చేయి లేచింది, దాని వెనక వరసంతా లేచింది. బాలేష్ ఆ చేతులవైపు చూసి, గొంతు సవరించుకుని, అంగడి గురించి మొదలుపెట్టాడు. మేడం మధ్యలో ఒకసారి ఆపాలనుకుని, వినాలనిపించి ఊరుకుంది. నీడ కంటే జనం నడిచే తొవ్వకు ఎందుకు విలువెక్కువో, ఆ తొవ్వ పక్క జాగా ఎవరికి దక్కుతుందో ఆయన ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు.

"ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?" అంది మేడం సంతకం పెడుతూ.

హాల్లో ఎవరూ చేయెత్తలేదు. వేదిక మీద మాత్రం ఒక కుడిచేయి సగం పైకి లేచింది, తల కాస్త పక్కకు వాలింది.

"మేడం, నాదొక చిన్న డౌటు. పొద్దుగాలకెల్లి భయంతోని ఏం తినలే. ఇగ సమోసా తినొచ్చా?"