అద్దం అవతలి పిలుపు

కువబారా తాత ఫోన్‌లో ఎవరితో మాట్లాడినా, ఎదురుగా మనిషి ఉన్నట్టే మర్యాదగా నడుము వంచుతాడు. "అవతలివాళ్లకి కనబడుతుందా ఏంటి?" అని భార్య దెప్పితే, "గొంతులో తెలుస్తుందిలే" అంటాడు. ఈ వసంతంలో మనవరాలు షియోరి ఒంటరిగా రైల్లో బడికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆరేళ్లకే ఫోన్ చేతికిస్తే పడుకుని మాట్లాడడం అలవాటవుతుందని ఆయన బెంగ. అయినా ఆమెను ఫోన్ల దుకాణానికి తీసుకొచ్చాడు. పిల్లల కోసం చేసిన, ఆపదలో తాడు లాగితే కేక పెట్టే ఫోన్లను ఒక్కొక్కటే లాగి చూశాడు, మోగిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్లకి వంగి క్షమాపణ చెప్పుకున్నాడు. చివరికి ఒక ఎర్రదాన్ని షియోరి చేతికిచ్చి, తాను బయటికి వెళ్లి, అద్దం తలుపు అవతల నిలబడి, దుకాణం అమ్మాయి చెప్పిన దాని నంబరుకి ఫోన్ చేశాడు.

లోపల షియోరి దాన్ని రెండు చేతులతో చెవికి ఆనించుకుంది. "నేను షియోరినండీ" అంటూ నడుము దాకా వంగింది. వీపు మీది బడిసంచికి మూత బిగించలేదు కాబోలు, పుస్తకాలూ పెన్సిళ్లూ తల మీదుగా జలజలా రాలాయి.

తాత లోపలికొచ్చేసరికి దుకాణం అమ్మాయి వాటిని ఏరుతోంది. "ఇంకా పెద్ద తెర ఉన్నది చూపించనాండీ?"

"వద్దమ్మా," అన్నాడు తాత, పెన్సిల్ ఏరడానికి తనూ వంగుతూ. "ఇది బాగానే పనిచేస్తోంది."